ఎనిమిది మడతలు

లాండ్రీ క్వార్టర్స్, మూడో అంతస్తు
జూన్ 4

ఒసేయ్ పిచ్చుకా,

రెండేళ్ళకో కార్డు ముక్క రాసే మనిషి నుంచి ఇంత మందం కవరు వచ్చేసరికి ఎవరో పోయారనుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. ఫోన్ చేసి చావొచ్చు కదా అంటావు. ఈ ఆస్పత్రి లాండ్రీలో పద్నాలుగేళ్ళుగా పెద్ద మిషన్ల పక్కన నిలబడి నిలబడి నా చెవులు సగం పోయాయి. ఫోన్ ఎత్తితే "ఆఁ? ఆఁ?" అనడంతోనే సరిపోతుంది. అందుకే ఉత్తరం.

నా కూతుర్ని నీ దగ్గరికి పంపుతున్నాను. నువ్వు చూసినప్పుడు దానికి మూడేళ్ళు. ఇప్పుడు పదిహేడు, నాకంటే జానెడు పొడుగు. వాళ్ళ నాన్న చనిపోయిన ఏడాది, పదకొండేళ్ళ పిల్ల నోరు మెదపకుండా ఇంట్లో కూర్చుంటే ఏం చేయాలో తోచక, లాండ్రీ వెనక పెరట్లో బాక్సింగ్ బ్యాగు ఒకటి వేలాడదీశాను. ఆస్పత్రివాళ్ళు పారేసిన పరుపు గలీబు, లోపల చిరిగిన దుప్పట్ల పేలికలు. ఆరేళ్ళుగా దాన్నే కొడుతోంది. నా కుడిచేయి సంగతి నీకు తెలిసిందే, ఉంగరం వేలూ చిటికెన వేలూ ముడుచుకోవు. చెప్పగలను గానీ చూపించలేను. డిసెంబరులో జట్టు ఎంపిక ఉంది. అప్పటిదాకా దానికి సరైన హాలు కావాలి, ఎదురు నిలబడే పిల్లలు కావాలి.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. దాని చేతులకి కట్టు నువ్వే కట్టు. వేరేవాళ్ళకి వదలకు. తన కుడిచేయి తను సరిగ్గా కట్టుకోగలిగిన మనిషి ఇంకా పుట్టలేదని మన బాక్సింగ్ మాస్టారు అనేవారు కదా. మనిద్దరం జతగా ఉన్న నాలుగేళ్ళూ నా చేతులు నువ్వు కట్టావు, నీ చేతులు నేను కట్టాను. ఆయన పెట్టిన రూలు కూడా దానికి చెప్పాను, ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలని. తను కట్టిన చేయి లోపల ఎలా ఉందో ఆ మనిషే కళ్ళారా చూడాలని ఆయన ఉద్దేశం. నిన్ను పిన్ని అనమన్నాను.

పట్టీలకి గుడ్డ కొనకు. ఇక్కడ ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన దుప్పట్లు బోలెడు. మూడు వేళ్ళ వెడల్పున చించి, అంచు కుట్టి పంపుతాను.

నీ ఉడుము
(పట్టుకుంటే వదలనని మాస్టారు పెట్టిన పేరు. ఇప్పుడు టీ గ్లాసు కూడా జారిపోతోంది, పేరు మాత్రం వదల్లేదు.)


హాలు, మేడ మీద గది
జూన్ 19

ఉడుమా,

నీ పిల్ల దిగింది. పెట్టె గుమ్మంలో పడేసి, చెప్పులు కూడా విప్పకుండా "పిన్నీ, బ్యాగెక్కడుంది?" అంది. అచ్చం నువ్వే. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మాస్టారు పోయాక హాలు నా నెత్తిన పడిందని రాశాను కదా. కిటికీ అద్దాలు రెండు పగిలి అట్టముక్కలు పెట్టాం. రింగు తాళ్ళు కొత్తవి. బ్యాగులు నాలుగు. కింద సగంలో ఇసుక దిగిపోయి రాయిలా గట్టిపడుతుందని నెలకోసారి దించి, తలకిందులు చేసి వేలాడదీస్తాం. నీ పిల్లకి పేలికలు నింపిన మెత్త బ్యాగు ఇచ్చాను. మొదటి రెండు వారాలూ దాని మీదే.

చేతుల గురించి నువ్వేం దిగులు పెట్టుకోకు. వేళ్ళు బాగా చాచమని చెప్పి కడుతున్నాను. వేళ్ళు దగ్గరపెట్టి కడితే పిడికిలి బిగించేసరికి నెత్తురు ఆగిపోతుంది. బొటనవేలికి ఉచ్చు తగిలించి, మణికట్టుకి నాలుగు చుట్లు. తర్వాత వేళ్ళ సందుల్లోంచి మూడు. బొటనవేలి చుట్టూ ఒకటి. మళ్ళీ మణికట్టుకి వచ్చి ముడి. కట్టాక గోళ్ళు నొక్కి చూస్తాను. తెల్లబడి వెంటనే ఎర్రబడితే సరే, లేకపోతే విప్పి మళ్ళీ కట్టడమే. బ్యాగు మీద బరువు గ్లవుజులు తప్ప వేయనివ్వను. అయ్యాక నేనే విప్పి, వేళ్ళ మధ్య చర్మం చూసి, చన్నీళ్ళ బకెట్లో చేతులు పెట్టిస్తాను. పట్టీలు రోజూ ఉతుకుతాను. చెమట పట్టిన పట్టీ ఎండితే అట్టలా కోసేస్తుంది.

తిండి బాగానే తింటోంది. నిద్రపోయేముందు రెండు మణికట్లూ తడుముకుంటుంది. ఎందుకే అంటే ఊరికే అంటుంది.

పిచ్చుక


లాండ్రీ క్వార్టర్స్
జూలై 6

ఒసేయ్ పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి సగం నిశ్చింత, సగం నవ్వు. మణికట్టు రాశావు, సందులు రాశావు, బొటనవేలు రాశావు, చివరికి బకెట్టు కూడా రాశావు. అసలైన మెత్త మాటే లేదు. వేళ్ళ కణుపుల మీద పట్టీనే ఎనిమిది మడతలు వేసి మెత్త పెట్టకపోతే దెబ్బ నేరుగా ఎముక మీదే పడుతుంది, మిగతాదంతా ఎందుకూ? వయసు మీద పడుతోందే నీకు. మాస్టారు బతికుంటే ఒంటికాలి మీద లేచేవారు. సర్లే, రాయడం మర్చిపోయినా నీ చేతులు మర్చిపోవు.

నేను చెప్పేది మణికట్టు గురించి. దాన్ని కనిపెట్టి ఉండు. మా పెరట్లో బ్యాగు పక్కన నేను చెక్క స్కేలు పట్టుకుని నిలబడేదాన్ని. మణికట్టు వెంట్రుకవాసి వంగినట్టు అనిపించినా స్కేలుతో ఒకటి వేసేదాన్ని. రాక్షసి తల్లి అనుకుంటావు. అనుకో. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ ఎంపిక ముందు రోజు నా మణికట్టు ఒక్కసారి వంగింది. ఒక్కసారే. అందుకే ఇవాళ తడి దుప్పట్లు పిండుతున్నాను. దానికి ఆ గతి పట్టకూడదు.

ఎనిమిది పట్టీలు పంపాను. ముట్టాయా?

ఉడుము


హాలు
జూలై 30

ఉడుమా,

పట్టీలు ముట్టాయి. చక్కగా ఉన్నాయి. ఆ చేత్తో అంత సన్నగా అంచు ఎలా కుట్టావో!

మెత్త పెడుతున్నాను. ఎనిమిది మడతలూ పెడుతున్నాను. అది కూడా రాయాలా అని రాయలేదు.

నీతో ఒక మాట చెప్పాలి. కోపగించుకోకు. నీ పిల్ల అడుగులు బాగున్నాయి, కన్ను బాగుంది, భుజం తిప్పడం చూస్తే ఒళ్ళు ఝల్లుమంటుంది. కానీ కొట్టదు. చెయ్యి బ్యాగుదాకా వెళ్ళి, తగలబోయే క్షణంలో వెనక్కి లాగేసుకుంటుంది. రోగి ఉన్న గది తలుపు తట్టినట్టు కొడుతోంది. మొదట నా కట్టు బిగుతైందేమో అనుకున్నాను. కట్టు బాగానే ఉంది. "గట్టిగా కొట్టవే" అంటే "కొడతా పిన్నీ" అంటుంది, మళ్ళీ అదే.

నిన్న కూర్చోబెట్టి అడిగాను. చేతి పట్టీ కొస వేలికి చుట్టుకుంది. ఆఖరికి అంది: "అమ్మ మణికట్టే నాకొచ్చింది పిన్నీ. అమ్మే చెప్పింది. గట్టిగా కొడితే వంగుతుంది."

ఇందులో ప్రమాదం ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. సగంలో లాగే చేతికే మణికట్టు వదులవుతుంది. భయపడి భయపడి, దేనికి భయపడుతోందో అదే తెచ్చుకుంటుంది. డిసెంబరులో ఎదుటి పిల్ల దీన్ని చూసి జాలిపడదు. నువ్వు ఒక ఉత్తరం రాసి దానికి ధైర్యం చెప్పు. నీ మాటైతే వింటుంది.

పిచ్చుక


లాండ్రీ క్వార్టర్స్
ఆగస్టు 17

పిచ్చుకా,

ధైర్యం చెప్పమంటున్నావు. ఏమని చెప్పను? ఏమీ కాదే, కొట్టు అననా? నాకు ఏమైందో చూసినదానివి నువ్వు. నువ్వే ఇలా రాస్తే ఎలా?

నాకు ఆ పొద్దుటి ప్రతి చిన్న సంగతీ గుర్తుంది. మర్నాడు ఎంపిక. మాస్టారు "పూర్తి బలంతో పది కొట్టు, చాలు, ఇంటికెళ్ళి పడుకో" అన్నారు. నువ్వు కట్టు కట్టి నా భుజం మీద చరిచావు. ఒకటి, రెండు, మూడు బాగానే పడ్డాయి. నాలుగోది కొట్టినప్పుడు నా చేతిలోంచి చప్పుడు వచ్చింది. ఎండు పుల్ల విరిచినట్టు. ముందు బ్యాగు గొలుసేమో అనుకుని పైకి చూశాను. తర్వాత మోకాళ్ళ మీద కూలబడ్డాను. నువ్వు నన్ను లేపి స్నానాలగదిలోకి తీసుకెళ్ళి కట్టు విప్పావు. నాకంటే నువ్వే ఎక్కువ ఏడ్చావు. ఆ ఏడుపు చూసే నిన్ను ఇన్నేళ్ళు నా మనిషిగా పెట్టుకున్నాను.

మాస్టారు అన్నారు, "మణికట్టు వంచావే, వెధవా! నాలుగేళ్ళు నేర్పింది ఒక్క దెబ్బతో నీళ్ళలో కలిపావు" అని. ఎముకలు రెండు విరిగాయి, ఉంగరం వేలివీ చిటికెన వేలివీ. డాక్టరు కూడా అదే అన్నాడు, దెబ్బ వంకరగా పడిందని. వంచినట్టు నాకు గుర్తులేదు. కానీ ఇంతమంది అంటే వంచే ఉంటాను కదా. నా జాగ్రత్తలేనితనం. ఎవరిని అనుకోను?

అందుకే స్కేలు. నువ్వూ ఒక స్కేలు పెట్టుకో. అది ఏడిస్తే ఏడవనీ. ఏడ్చిన చెయ్యి బతుకుతుంది.

ఉడుము


హాలు
సెప్టెంబరు 24

ఉడుమా,

ఈ ఉత్తరం ఐదోసారి రాస్తున్నాను. నాలుగు చించేశాను. ఇది పోస్టులో వేసేదాకా కిందికి దిగి అన్నం తినకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

నీ మణికట్టు వంగలేదు.

ఆ రోజు నీ కుడిచేతికి నేను మెత్త మూడు మడతలే పెట్టాను. మర్చిపోయి కాదు. కావాలనే పెట్టాను. మనిద్దరిదీ ఒకే బరువు, ఆ బరువుకి జట్టులో ఉన్నది ఒక్క చోటే. మాస్టారు ఎంపికకి నీ పేరు చెప్పిన రోజు నేనే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. వారం రోజులు లోపల కుమిలిపోయాను. ఆ పొద్దున నీ చేయి నా ఒళ్ళో ఉంది. నువ్వు కళ్ళు మూసుకుని వేళ్ళు చాచి కూర్చున్నావు. నువ్వెప్పుడూ కట్టు వైపు చూసేదానివి కాదు. మడత పెడుతూ పెడుతూ మూడు దగ్గర ఆపి పైన చుట్టేశాను. కణుపులు కాస్త వాచిపోతాయి, రేపు సరిగా కొట్టలేదు, అంతే కదా అనుకున్నాను. నా మీద ఒట్టు, ఎముక విరుగుతుందని అనుకోలేదు. మాస్టారు ఆ రోజు నిన్ను ఇసుక బ్యాగు మీదికి పంపుతారనీ తెలియదు. తెలిశాక కూడా నోరు విప్పలేదు. ఆయన "కొట్టు" అంటున్నప్పుడు నేను గోడకానుకుని నిలబడి ఉన్నాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. ఆపొచ్చు. ఆపలేదు.

స్నానాలగదిలో నేనెందుకు ఏడ్చానో ఇప్పుడు అర్థమైందా? ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. అందుకే ఎవరూ చూడలేదు. విప్పేశాక అది ఒట్టి గుడ్డ. దానికి ఎన్ని మడతలుండేవో ఎవరు చెప్పగలరు? మాస్టారు తలుపు బయట నిలబడి బండి కోసం అరుస్తున్నారు. నేను ఆ పట్టీ ఉతికి ఆరేసి, తర్వాత వచ్చి నీ పక్కన కూర్చున్నాను.

నీ బదులు నేనే వెళ్ళాను. మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చాను. నీకు ఆ సంగతి తెలుసు. పాపం నీ కోసం బెంగపెట్టుకుని ఓడిపోయిందని నువ్వే అందరికీ చెప్పావు.

పద్దెనిమిదేళ్ళు దాచాను, చచ్చేదాకా దాచేదాన్నే. అంత మంచిదాన్నేం కాదు నేను. కానీ నీ పిల్ల రోజూ నా ముందు కూర్చుని, అచ్చం నీలాగే వేళ్ళు చాచి కళ్ళు మూసుకుంటుంది. దాని మణికట్టు మీద సన్నటి తెల్ల గీతలున్నాయి, స్కేలు అంచు తగిలినవి. లేని తప్పుకి నువ్వు దాన్ని కొట్టావు. ఆ స్కేలు నీ చేతికిచ్చింది నేను.

ఇంతే. క్షమించమని రాయడానికి నాకు మొహం లేదు.

పిచ్చుక


హాలు
అక్టోబరు 20

ఉడుమా,

నీ నుంచి ఉత్తరం లేదు. రాకపోవడమే న్యాయం.

పిల్ల బాగానే ఉంది. దానికి నేనేం చెప్పలేదు. నువ్వేమైనా రాశావేమోనని రోజూ దాని మొహం చూస్తున్నాను. రాసినట్టు లేదు. కొట్టడం అలాగే ఉంది, తలుపు తట్టినట్టు. మొన్న తన బరువు పిల్లతో రింగులో దింపితే దీని పెదవే చిట్లింది. తన దెబ్బ ఒక్కటీ ఎదుటి పిల్లకి తగలనివ్వలేదు. కొట్టలేక కాదు.

నేను కట్టు కట్టడం మానేయాలా చెప్పు. మానేస్తే ఎందుకని అడుగుతుంది. కట్టాక నమ్మకం కుదరక విప్పి మళ్ళీ కడుతున్నాను.

పిచ్చుక


లాండ్రీ క్వార్టర్స్
నవంబరు 6

హాలు నడిపే ఆవిడకి,

మీ ఉత్తరం అందింది. దుప్పట్లు ఆరేసే గదిలో నిలబడి చదివాను. చదివి మడిచి జేబులో పెట్టుకుని, షిఫ్టు అయ్యేదాకా నూటా నలభై దుప్పట్లు మడతపెట్టాను. పక్కనున్నావిడ ఏమిటలా ఉన్నావంటే, చెవులు వినపడనట్టు ఊరుకున్నాను. పోయిన చెవులు మొదటిసారి పనికొచ్చాయి.

నిజం చెబుతున్నాను. మొదట నాకు సంతోషం వేసింది. నేను వంచలేదు! మాస్టారు తిట్టిన తిట్టు నాది కాదు. నా చేయి నన్ను మోసం చేయలేదు. ఆ సంతోషం గదికి వచ్చి తలుపు తీసేదాకా ఉంది. తలుపు వెనక మేకుకి స్కేలు వేలాడుతోంది.

పిచ్చుకా, నీకు మీరు అని రాయడం నా వల్ల కావడం లేదు. నువ్వు నా వేళ్ళు తీసుకున్నావు. సరే, దాన్ని ఎలా మోయాలో నేర్చుకున్నాను. ఎడమచేత్తో బకెట్టు ఎత్తడం, పళ్ళతో దారం తెంపడం, ఇవన్నీ నేర్చుకున్నాను. కానీ ఆరేళ్ళు, రోజూ, ఒక తండ్రి లేని పిల్ల మణికట్టు మీద స్కేలుతో కొట్టింది నేను. నువ్వు ఒక్కసారి చేశావు, అదీ చాటుగా. నేను పెరట్లో వెలుతురులో నిలబడి ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. ఒకసారి అది "ఇప్పుడు వంగలేదమ్మా, నిజంగా వంగలేదు" అంది. అబద్ధం చెప్పకు అని ఇంకోటి వేశాను. ఈ మాట ఎవరితో చెప్పుకోను? నీతో తప్ప చెప్పుకునే మనిషి లేదు నాకు. నిన్ను తిట్టడానికి కూడా నువ్వే దిక్కయ్యావు.

దానికి నువ్వు చెప్పు. నేను చెప్పను. నువ్వు కట్టిన కట్టు, నువ్వే విప్పు. ఎదురుగా నిలబడి చెప్పు, కళ్ళు దించకుండా. స్నానాలగదిలో కాదు, హాలులో. ఏడవకు. నీ ఏడుపు ఇంకోసారి పనిచేయకూడదు.

చెప్పాక కట్టాలా వద్దా అన్నది అదే చెబుతుంది.


హాలు
నవంబరు 15

ఉడుమా,

చెప్పాను. ఏడవలేదు.

మంగళవారం పొద్దున పిల్లలందరూ వెళ్ళాక, రింగు పక్క బల్ల మీద కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను. నువ్వు పంపిన పట్టీల్లో రెండు దాని ఒళ్ళో ఉన్నాయి. అంతా విని, నెమ్మదిగా అడిగింది.

"ఎన్ని మడతలేశావు?"

"మూడు."

"ఎన్నెయ్యాలి?"

"ఎనిమిది."

"మరి నాకు?"

"ఎనిమిదే. రోజూ. కావాలంటే విప్పి చూసుకో."

"విప్పితే ఏం తెలుస్తుంది?" అంది. పిన్నీ అనలేదు.

లేచి బ్యాగుల వైపు వెళ్ళింది. ఎడమచేయి తనే కట్టుకుంది. కుడిచేతికి పట్టీ కొస పళ్ళతో పట్టుకుని చుట్టుకుంది. మెత్త జారుతోంది, చుట్లు వదులు. నేను దగ్గరికి వెళ్ళబోతే చూసిన చూపుకి అక్కడే ఆగిపోయాను. గ్లవుజులు వేసుకుని నిలబడింది. ఉడుమా, అప్పుడు కొట్టింది. ఇన్ని నెలల్లో మొదటిసారి చెయ్యి వెనక్కి లాగలేదు. బ్యాగు పైకి లేచి గొలుసు మోగింది. మణికట్టు గీత గీసినట్టు ఉంది. అలా ఎన్ని కొట్టిందో నేను లెక్కపెట్టలేదు. కుడిచేతి కట్టు సగంలోనే ఊడి లోపల ఉండకట్టింది. అయినా ఆపలేదు. ఆపు తల్లీ, చెయ్యి పోతుంది అని అరిచాను. పద్దెనిమిదేళ్ళ క్రితం అరవాల్సిన అరుపు.

ఆపింది. గ్లవుజు లాగితే కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది. ఎముకలకేం కాలేదు, ఒక్కొక్కటీ నొక్కి చూడనిచ్చింది, అంతమటుకు చూడనిచ్చింది. తర్వాత పెట్టె సర్దుకుని నీ దగ్గరికి బయల్దేరింది. ఈపాటికి చేరి ఉంటుంది. మళ్ళీ వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే ఇంకో హాలు చూడు, నేను రాసిస్తాను, మంచివాళ్ళున్నారు.

పిచ్చుక


లాండ్రీ క్వార్టర్స్
డిసెంబరు 1

పిచ్చుకా,

వచ్చింది. రెండు రోజులు నాతోపాటు లాండ్రీకి వచ్చింది, దుప్పటికి అవతలి అంచు పట్టుకుంది, మడతపెట్టింది. నేను మేకుకి ఉన్న స్కేలు తీసి దాని ముందు పెట్టి, తప్పయిందే అన్నాను. నా బతుకులో ఆ మాట అనడం అదే మొదలు. అది స్కేలు వైపు చూడలేదు. మూడో రోజు పొద్దున మంచం మీద నా పక్కన కూర్చుని చెయ్యి చాచి పిడికిలి బిగించింది.

"ఇప్పుడు చూడమ్మా. వంకరగా ఉందా?"

చూశాను. ఆరేళ్ళు కనిపెట్టుకుని ఉన్నాను గానీ ఆ చేతిని నేనెప్పుడూ చూడలేదే. మోచేతి నుంచి కణుపులదాకా నిటారుగా ఉంది. "లేదే. ఎప్పుడూ లేదు" అన్నాను. అది తల ఊపింది. ఏడవలేదు, నన్ను పట్టుకోలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని టీ పెట్టడానికి వెళ్ళింది. క్షమించిందా అని అడగకు. నాకు తెలియదు. నీకూ తెలియదు. నేను నిన్ను క్షమించానో లేదో కూడా రాయలేను, చూసుకుంటే ఇంకా లోపల అలాగే ఉంది.

పన్నెండో తారీకు ఎంపికకి వెళతానంది. కణుపుల మీద తోలు మానింది. నిన్న దాని కుడిచేతికి కట్టు నేనే కడదామని కూర్చున్నాను. మెత్త మడతపెట్టగలిగాను. చుట్టేటప్పుడు పట్టీ బిగించి లాగాలి కదా. మూడో చుట్టుకి నా వేళ్ళలోంచి జారిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ జారింది. నాలుగుసార్లు అయ్యాక అది నా చెయ్యి పక్కకి జరిపి, "వద్దులేమ్మా" అంది. నా కూతురి చెయ్యి నేను కట్టలేను. నువ్వు తీసుకున్నది ఇంతని నాకు నిన్నటిదాకా తెలియలేదు.

కొత్తవాళ్ళ చేతుల్లో పెట్టడానికి టైము లేదు. కట్టడం నీకంటే బాగా తెలిసినవాళ్ళూ లేరు. అది ఒప్పుకుంది. ఎలా ఒప్పుకుందో రాస్తున్నాను, ఇందులో ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు.

కళ్ళు మూసుకోదు. నువ్వు మడత పెడుతుంటే ఒకటి నుంచి ఎనిమిదిదాకా పైకి లెక్కపెడుతుంది. నువ్వూ దాంతోపాటు పైకి లెక్కపెట్టు, హాలంతా వినేలా. ఎనిమిది అని ఇద్దరూ అన్నాకే చుట్టు వెయ్యి.

కట్టు నువ్వు కట్టు. విప్పడం మాత్రం అదే విప్పుకుంటుంది.

ఉడుము